రెండొందల పన్నెండు తరువాత

అబద్ధం చెప్పేవాళ్లు ఇంత నిదానంగా టీ తాగరు, లేదా వాళ్లే తాగుతారేమో, అద్దాల తలుపు అవతల సూపరింటెండెంట్ గది ముందు బెంచీ మీద మా వదిన, అన్నయ్య భార్య, ఈ ఆసుపత్రి ల్యాబ్‌లో తొమ్మిదేళ్ల టెక్నీషియన్, పదకొండింటికి మీటింగు, ముప్పై ఏడు రక్తపరీక్షల ఫలితాలు కంప్యూటర్లో ఎక్కించకుండానే ఎక్కించానందని ఆమె ఉద్యోగం తీసేస్తారు, అందుకు సాక్ష్యం నేను సంతకం పెట్టిన కాగితమే, తప్పులు నమోదయ్యే ఎర్రర్ లాగ్‌లో వాటి గురించి ఏమీ లేదని, ఫలితాలను భద్రపరిచే స్టోర్డ్ ప్రొసీజర్, అదే ఆ ప్రోగ్రాం, రాసింది నేను, పని మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా అందులోని క్యాచ్ బ్లాక్ అనే భాగం పట్టుకుంటుంది, లాగ్‌లో ఒక వరుస రాస్తుంది, సగంలో ఆగిన పనంతా రోల్‌బ్యాక్ చేసి మొదటికి తెచ్చేస్తుంది, లాగ్‌లో ఏమీ లేదంటే ఎర్రర్ రాలేదు, రాలేదంటే వదిన సేవ్ నొక్కలేదు, ఇందులో చుట్టరికానికి చోటెక్కడ, నొక్కానమ్మాయ్, సేవ్ అయిందని చూపించింది కూడా, ఒట్టు, అంది నిన్న మెట్ల దగ్గర, ఒట్టెందుకు వేసింది, అడక్కుండా ఒట్లేసేవాళ్లంటే నాకు మొదటినుంచీ అనుమానమే, గ్యాస్ కట్టేశానని చెప్పి ఊరికి బయల్దేరదీసిన రోజూ ఇంతే, తిరిగొచ్చి చూస్తే పొయ్యి మీద సన్నటి మంట, అన్నయ్య నవ్వేశాడు, నేను నవ్వలేదు, గుర్తుపెట్టుకున్నాను.

ఇదేమిటి, లాగ్‌లో రెండొందల పన్నెండో నంబరు వరుస, దాని కిందే రెండొందల యాభై, పొద్దున ఎవరో పాస్‌వర్డ్ తప్పు కొట్టినది, మధ్యవి ఏమయ్యాయి, ఎవరో చెరిపారు, వదినే, కాదు, చెరిపే అనుమతి ఆమెకు లేదు, ఉన్నది నాకూ పక్కసీటాయనకూ, ఆయన వారం నుంచి నేను రాగానే స్క్రీన్ మార్చేస్తున్నాడు, క్యాంటీన్లో వదిన బల్ల దగ్గరే కూర్చుంటాడు, ఏమండీ లాగ్ ముట్టుకున్నారా, అని అడిగాను, నీ లాగ్ నాకెందుకమ్మా, నా తలనొప్పులు నాకు చాలవా, ఆయన స్క్రీన్ వైపు మెడ చాచి చూశాను, అద్దె ఇల్లు వెతుక్కుంటున్నాడు పాపం, మళ్లీ నంబర్లు, రెండొందల పదమూడు నుంచి నలభై తొమ్మిది దాకా, వేళ్ల మీద లెక్కపెట్టాను, ముప్పై ఏడు.

ప్రొసీజర్ తెరిచాను, నా క్యాచ్ బ్లాక్, ముందు లాగ్ రాయి, తరువాత రోల్‌బ్యాక్, ఆ వరుసలోనే రాశాను మహాతల్లిని, రోల్‌బ్యాక్ ఫలితాన్నొక్కదాన్నే వెనక్కి తీసుకోదు కదా, అప్పుడే రాసిన లాగ్‌నూ తుడిచేస్తుంది, ఖర్చయిన నంబరును మాత్రం తిరిగివ్వదు, పైగా ఎర్రర్‌ను స్క్రీన్‌కు చెప్పే లైను నేను రాయనేలేదు, ఆమెకు సేవ్ అయిందనే కనిపించింది, ల్యాబ్‌కు కొత్తగా వచ్చిన మిషన్ ఇచ్చే శాంపిల్ నంబర్లు పొడుగై నేను పెట్టిన గడిలో పట్టక ముప్పై ఏడు సార్లూ ఎర్రర్ వచ్చింది, ముప్పై ఏడు సార్లూ నేనే నోరు నొక్కేశాను, పదకొండుకు రెండు నిమిషాలు, రెండు లైన్లు అటూ ఇటూ మార్చేస్తే ఎవరికీ తెలియదు, నిజంగానే తెలియదు, వదిన ఖాళీ కప్పు బుట్టలో పడేసి లేచింది, వదినా ఆగు, అని అరిచాను, ఆఫీసంతా తిరిగి చూసింది, క్యాచ్ బ్లాక్ సంగతి చెప్పడం తేలికే, రెండోది ఎలా చెప్పాలి, లాగ్ చూశాక నేను ఆమెను అనుమానించలేదు, అనుమానించాకే లాగ్ చూశాను.