స్లావా నాడు మూసిన గది

లీటరు నీళ్లకి రెండు మూతల బ్లీచింగ్ ద్రావకం. వాంతి అయిన చోటయితే నాలుగు. ముందు కాగితాలతో ఎత్తి, సంచిలో వేసి మూతి బిగించాలి. తరువాత ద్రావకం పోసి పది నిమిషాలు వదిలెయ్యాలి, ఆ తరువాతే తుడవాలి. ఈ పది నిమిషాల సంగతే ఎవరికీ ఎక్కదు. పోసిన వెంటనే తుడిచేస్తే నేల తడుస్తుందే తప్ప క్రిమి చావదు. పదకొండేళ్లుగా మా ఊరి ఆసుపత్రిలో పిల్లల వార్డు కడుగుతున్నదాన్ని, నాకు తెలుసు. అక్కడ దాన్ని పని అంటారు, నెలకి జీతం ఇస్తారు. ఇంట్లో అదే బకెట్టు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంటే మా అత్తయ్య స్తామెంకా "మొదలెట్టిందమ్మా మళ్లీ నీళ్లతో" అంటుంది.

డిసెంబరు పద్దెనిమిదిన మధ్యాహ్నం నాలుగింటికి నా కూతురు దున్యా మొదటిసారి వాంతి చేసుకుంది. దానికి ఆరేళ్లు. నేను వంటింట్లో ఉడికించిన గోధుమల్ని తెల్లటి గుడ్డ మీద ఆరబోస్తున్నాను. మర్నాడు మా స్లావా, ఇంటి వేల్పు పండగ. మా ఆయన నెబోయ్షా వాళ్ల వంశానికి పునీత నికోలా ఇంటి వేల్పు. ఆ రోజుకి ఎవరినీ పిలవరు. గుర్తున్నవాళ్లంతా వాళ్లంతట వాళ్లే వస్తారు, వచ్చినవాళ్లని గుమ్మంలోంచి పంపెయ్యకూడదు. మొరావా నది పొంగి సందులో మోకాలి లోతు నీళ్లు నిలిచిన ఏడాది కూడా మా ఇంట్లో స్లావా జరిగిందని అత్తయ్య ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ నీళ్లు ఎత్తిపోసింది ఎవరో మాత్రం చెప్పదు. అప్పుడు నాకు ఆరో నెల.

సాయంత్రం ఆరయ్యేసరికి పిల్ల అయిదుసార్లు వాంతి చేసుకుంది. నాకు అనుమానం లేదు. మా వార్డులో ఆ వారమంతా ఇదే. ఒకరికి వస్తే ఇంటిల్లిపాదికీ పాకే కడుపు జబ్బు, సారాతో తుడిస్తే చావదు. అత్తయ్య పళ్లసారా రాకియా సీసా తెచ్చి తలుపు గొళ్లేలన్నీ తుడుస్తోంది, మిగిలింది పిల్ల పాదాలకి రుద్దుతోంది. గది కిటికీ తెరిస్తే వెనకాలే వచ్చి మూసేసింది.

"ఎదురుగాలి తగిలి పిల్ల చావాలా?"

"అత్తయ్యా, బ్లీచింగ్ పోశాను. గాలి ఆడాలి."

"ఇదేమైనా నీ ఆసుపత్రా?"

నెబోయ్షా ముందుగదిలో పక్కింటి నుంచి తెచ్చిన కుర్చీలు సర్దుతున్నాడు. పిల్లకి అంటుజబ్బు, రేపు ఎవరినీ రానివ్వద్దు అన్నాను. కుర్చీ కింద పెట్టి నావైపు చూశాడు. "నీ ఉద్యోగంలోంచే తెచ్చావు ఇది. తెచ్చిందానివి నువ్వు, తల దించుకునేది నేనా? ఇన్నేళ్లలో మా ఇంటి దీపం వెలగని స్లావా లేదు. పిల్లలన్నాక వాంతులు చేసుకుంటారు. వెనకగదిలో పడుకోబెట్టు, తలుపు మూసెయ్. ఎవరితోనూ అనకు."

నిజంగా నేనే తెచ్చానా? రోజూ అక్కడే బట్టలు మార్చుకుంటాను, మోచేతుల దాకా కడుక్కుంటాను. బడిలో కూడా సగం పిల్లలు రావడంలేదని పంతులమ్మ చెప్పింది. అయినా ఆయన అన్న క్షణం నుంచీ నేనే తెచ్చాననుకున్నాను. అలా అనుకోవడం నాకు బాగా అలవాటు. వార్డులో పెద్ద నర్సు ఎక్కడ మరక కనబడినా నన్నే పిలుస్తుంది, నేనూ ముందు క్షమించమని అడిగి, ఆ తరువాతే మరక ఎక్కడుందో చూస్తాను.

అప్పుడు ఫోను మోగింది. మా అమ్మ.

అమ్మకి నీష్ పట్నంలో పెద్దాసుపత్రిలో కాన్సరు మందు ఎక్కిస్తున్నారు. మూడో విడత అయ్యి పది రోజులు కాలేదు. ఒంట్లో జబ్బుని ఆపే శక్తి బొత్తిగా ఉండదు, జలుబు ఉన్నవాళ్ల దగ్గరకి కూడా పోనివ్వకండని డాక్టరమ్మ నాకే, నా మొహంలోకి చూసి చెప్పింది. "పొద్దున పదింటి బస్సుకి వస్తున్నానే" అంది అమ్మ. ఆ గొంతులో పండగ ఉంది.

"రావద్దమ్మా. రోడ్లన్నీ మంచు గడ్డకట్టి ఉన్నాయి. చలి నీకు మంచిది కాదు."

"మంచు నాకు కొత్తా? నాన్న చనిపోయిన ఏడాది నేను రాలేదనేగా మీ అత్తగారు అంతేసి మాటలంది."

ఆ మాటలు నాకూ గుర్తే. వియ్యపురాలికి మా గడప తొక్కడం నామోషీ అంది, ముప్ఫైమంది ముందు. అమ్మకి చెప్పెయ్యాలని నోరు తెరిచాను. నెబోయ్షా ఎదురుగా నిలబడి తల అడ్డంగా ఊపాడు. మీ అమ్మకి చెప్తే బస్సంతా తెలిసినట్టే అని మెల్లగా అన్నాడు. "వెచ్చగా కప్పుకుని రా" అని ఫోను పెట్టేశాను. ఆ మూడు ముక్కలు అన్నది నేనే, నా నోటితోనే. ఎవరూ నా గొంతు పట్టుకోలేదు.

వచ్చినవాళ్ల నోట్లో పడే మొదటి ముద్ద గోధుమల తీపి. రుబ్బి, పంచదారా అక్రోటు పొడీ కలిపి, పళ్లెంలో గోపురంలా చెయ్యాలి. ఆ గోపురం అత్తయ్య ఒక్కతే చేస్తుంది, ఉత్త చేతులతో. అంతకు అరగంట ముందే అవే చేతులతో దున్యా మూతి తుడిచింది. చేతులు కడుక్కోండి అన్నాను. "నా చేతులు నలభై ఏళ్లుగా దేవుడి గోధుమలు కలుపుతున్నాయి" అంది. పోనీ కడుక్కుంటుందో ఏమో అని సబ్బు చేతికిచ్చాను. తీసుకుని పక్కన పెట్టేసింది. ఇక చెంచాలు. వాళ్ల అత్తగారిచ్చిన వెండి చెంచాలు ఆరు. ఒకరు తిన్నాక నీళ్లగ్లాసులో ముంచి, గుడ్డతో తుడిచి, తరువాతివాళ్లకి ఇస్తారు. నేను కాగితపు చెంచాలు కొనుక్కొస్తానంటే నెబోయ్షా నవ్వాడు. "పునీత నికోలాకి పిక్నిక్ చేద్దామంటావా?"

మర్నాడు పొద్దున ఫాదరు వచ్చి రొట్టె కోసి, ద్రాక్షసారా పోసి, దీపం వెలిగించి వెళ్లాడు. తొమ్మిదింటి నుంచి జనం. ఇంటి యజమాని ఆ రోజు కూర్చోకూడదని ఆచారం, నెబోయ్షా నిలబడే గ్లాసులు నింపుతున్నాడు. పాపం పొద్దుటి నుంచీ కాళ్ల మీదే ఉన్నాడని అందరూ మెచ్చుకుంటున్నారు. నేను చేపల పులుసు వడ్డించడం, వెనకగదిలోకి పరిగెత్తడం, బేసిను ఖాళీ చెయ్యడం, నేల కడగడం, చేతులు కడుక్కుని మళ్లీ వడ్డించడం. చేతుల తోలు ఊడిపోతోంది. దున్యా మంచం మీద మోకాళ్లు ముడుచుకుని పడుకుని, తలుపు తెరిచినప్పుడల్లా ఒకటే అడుగుతోంది, వాళ్లు వెళ్లిపోయారా అని. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చెంచాడు చెంచాడు ఉప్పూ పంచదార కలిపిన నీళ్లు తాగించాలి, అయిదు నిమిషాలకోసారి. నాకు రెండు నిమిషాలు దొరికితే ఎక్కువ. ముందుగదిలోంచి పిలుపు రానే వస్తుంది, "బిల్యానా, రొట్టె!"

పదిన్నరకి అమ్మ వచ్చింది. నల్ల ఉన్ని రుమాలు చెవుల మీదికి లాక్కుని, చేతిలో మిరపకాయల పచ్చడి సీసా. సగానికి సగం అయిపోయింది మనిషి. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. అత్తయ్య పళ్లెం పట్టుకుని ఎదురెళ్లింది. వెనక మా పిల్లకి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి అయిన రాదిశా, ఆయన భార్య, కర్మాగారం నుంచి వచ్చిన నెబోయ్షా స్నేహితులు, మొత్తం ఇరవైమంది చూస్తున్నారు.

"రండి వదినగారూ. దేవుడి దయవల్ల ఈసారి మా గుమ్మం గుర్తొచ్చింది."

నేను చేతిలో పళ్లాలు అక్కడే పెట్టేసి మధ్యలోకి వెళ్లాను. "అమ్మా, నీకు... డాక్టరమ్మ ఏవో తినొద్దంది కదా. గోధుమలు వద్దేమో."

"దేవుడి గోధుమలు వద్దనే డాక్టరు ఎక్కడైనా ఉందా?" అత్తయ్య పళ్లెం ఇంకాస్త ముందుకి జరిపింది. "లేకపోతే మా ఇంటి చెయ్యి నచ్చలేదేమో."

ఎవరో నవ్వారు. నెబోయ్షా సీసా పట్టుకుని నావైపే చూస్తున్నాడు. అమ్మా, లోపల పిల్లకి వాంతులు. అంతే చెప్పాల్సింది. అంతకన్నా పొడుగు మాటలు రోజుకి వెయ్యి మాట్లాడతాను. అమ్మ నా చేతులకేసి చూసింది, ఎర్రగా పొట్టు లేచిన వేళ్లకేసి. తరువాత నడవా చివర మూసి ఉన్న తలుపు కేసి చూసింది. శిలువ గుర్తు వేసుకుని, గ్లాసులోంచి తీసిన చెంచాతో నిండా గోధుమలు తీసుకుని తిన్నది. "మీ చేతి రుచి ఎవరికీ రాదు వదినగారూ" అంది. అత్తయ్య మొహం విప్పారింది. అమ్మ ఇంకో చెంచా తీసుకుంది.

దున్యా రెండు రోజుల్లో లేచి తిరిగింది. మూడో రోజు నాకు పట్టుకుంది. నాది నేనే కడుక్కున్నాను. వచ్చినవాళ్లలో పదకొండుమంది మంచాలెక్కారు. అందరూ ఫోను చేసి అడుగుతుంటే నెబోయ్షా, "చేపలు పాడై ఉంటాయి, బిల్యానా సరిగ్గా చూసుకున్నట్టు లేదు" అని చెప్పాడు. నా ముందే చెప్పాడు. చెప్పాక నా భుజం తట్టాడు, నువ్వేం అనుకోకు, అలా అంటేనే మాట అక్కడితో ఆగుతుందని. సందులో ఆడవాళ్లు ఇప్పుడు నన్ను చూస్తే జాలిగా తలాడిస్తారు.

అమ్మని నాలుగో రోజు నీష్‌కి తీసుకెళ్లారు. జ్వరం, ఒంట్లో నీళ్లన్నీ పోయాయి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మందు ఆపేశారు. మళ్లీ ఎప్పుడు మొదలెడతారని అడిగితే డాక్టరమ్మ "ముందు కోలుకోనివ్వండి" అంది. ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, ఆ మాటకి అర్థం నాకు తెలుసు. మొహానికి గుడ్డ కట్టుకుని పది నిమిషాలు కూర్చోనిచ్చారు.

"దున్యాకి తగ్గిందా?" అంది అమ్మ.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలే? గుమ్మంలోనే బ్లీచింగ్ గుప్పుమంది. పండగపూట తలుపు మూసి ఉంది, పిల్ల కనబడదు. నీ మొహం పాలిపోయి ఉంది."

"తెలిసి కూడా తిన్నావా? ఎందుకమ్మా?"

"తినకపోతే ఇరవై ఏళ్లు దెప్పుతారే నిన్ను. నా దగ్గర ఎలాగూ ఇరవై ఏళ్లు లేవు."

ఏడవలేదు నేను. కోపం వచ్చింది, అమ్మ మీద. నన్ను కాపాడాననుకుంటోంది. నా తల్లిని బలిపెట్టి నన్ను కాపాడటమేమిటి? పడుకున్న మనిషి దుప్పటి సర్ది, మంచం కమ్ములు తుడిచి బయటికి వచ్చేశాను. ఎవరూ తుడవమనలేదు. చేతులు వాటంతట అవే తుడిచాయి.

ఇరవై తొమ్మిదో తారీకు మధ్యాహ్నం నీష్ నుంచి తిరిగొచ్చాను. రాదిశా వాళ్లు కాఫీకి వస్తున్నారని అత్తయ్య ముందుగదిలో మంచి కప్పులు పేరుస్తోంది. నెబోయ్షా రాకియా సీసా కోసం నేలమాళిగలోకి దిగాడు. వెనకగది తలుపు మూసి ఉంది. తోశాను.

దున్యా నేలమీద మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మంచం పక్కన వాంతి చేసుకున్నట్టుంది. తన ఎర్ర స్వెటరు విప్పి దానితో తుడుస్తోంది, చప్పుడు కాకుండా, మూలల్లోకి కూడా వేళ్లు పెట్టి. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

"మళ్లీ వచ్చిందమ్మా. నానమ్మకి చెప్పకు. ఎవరికీ వినపడలేదు. నేనే కడిగేస్తున్నా." దాని మొహంలో గర్వం ఉంది. నా నుంచి మెప్పు కోసం చూస్తోంది.

గంట మోగింది. "బిల్యానా, తలుపు!" అని అత్తయ్య పిలిచింది. నేను దున్యా చేతుల్లోంచి స్వెటరు తీసుకున్నాను. నేల అలాగే ఉంచాను. ఆ గది తలుపు బార్లా తెరిచే వదిలి, స్వెటరు చేతిలో పట్టుకునే నడవా దాటాను. అత్తయ్య నన్ను చూసి, ఏమిటది, లోపల పడెయ్, లోపల పడెయ్ అంటోంది. వీధితలుపు తీశాను. రాదిశా చేతిలో పువ్వులు, ఆయన భార్య చేతిలో మిఠాయి పెట్టె. నా పిల్లని బాప్తిస్మం తొట్టి దగ్గర ఎత్తుకున్న మనిషి, ఈ ఇంట్లో దేవుడి తరువాత దేవుడు. ఆయన అప్పటికే ఒక కాలు లోపల పెట్టాడు.

"లోపలికి రావద్దు," అన్నాను. "పిల్లకి వాంతులు. స్లావా రోజు కూడా ఇదే. ఆ రోజు చేపలు బాగానే ఉన్నాయి."

వెనక నెబోయ్షా మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినబడింది, అత్తయ్య చేతిలోంచి ఒక కప్పు జారిపడింది. రాదిశా కాలు వెనక్కి తీసుకున్నాడు. ఎంత తేలిగ్గా వెనక్కి తీసుకున్నాడో. ఒక్క మాట, ఒక మనిషి ఆగిపోయాడు. పది రోజుల క్రితం, అమ్మ పచ్చడి సీసా పట్టుకుని ఇదే గుమ్మంలో నిలబడినప్పుడు, ఈ ఒక్క మాటే సరిపోయేది.