సీసాకు అడ్డం పెట్టిన బట్ట

పెద్దక్క సంచీ సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది. తువ్వాలు, దువ్వెన, చెల్లెలి కళ్లజోడు, రెండు జతల బట్టలు.

"ఒక్క పూట ఆస్పత్రికి ఇన్ని బట్టలెందుకే? నన్నక్కడే వదిలేసి వద్దామనా?" అంది చెల్లెలు మంచం మీంచి.

"నోటికొచ్చిందల్లా అనకు."

చిన్నప్పుడు వాళ్లమ్మ ఇలాగే సంచీ పట్టుకుని, సాయంత్రానికి వచ్చేస్తానని వెళ్లింది. రాలేదు. అప్పట్నుంచి ఎవరు గడప దాటినా పెద్దక్క గుండెలో రాయి పడేది.

ముందుగదిలో బట్టలు కుట్టుకుంటూ బతికిన అక్కచెల్లెళ్లు వాళ్లు. కండరాలకు కావలసిన ఒక మాంసకృత్తు చెల్లెలి ఒంట్లో తయారవదు. చేతులు సడలి, కత్తెర పట్టడం మానేసింది. ఆ మాంసకృత్తును ఊరికే సూదిమందుగా ఇస్తే కండకు చేరేలోపే ఒళ్లు దాన్ని ముక్కలు చేసేసేది. ఇప్పుడు దాన్ని కంటికి ఆనని కొవ్వు బుడగల్లో దాచి, వారానికో సీసా చొప్పున ఇంటికొచ్చి ఎక్కిస్తున్నారు. ఈమధ్యే చెల్లెలు తన బొత్తాం తనే పెట్టుకుంది. పెద్దక్క వంటింట్లోకి వెళ్లి, సంతోషం పట్టలేక ఏడ్చింది.

ఈ వారం పరీక్షలు కూడా ఉన్నాయని, ఫ్రిజ్‌లో ఉన్న సీసా తీసుకుని పెద్దాస్పత్రికే రమ్మన్నారు. సీసా పెట్టుకునే డబ్బాలో, మంచు ప్యాకెట్లకూ సీసాకూ నడుమ మందమైన బట్ట ఒకటి ఉండేది. బయట ఎండ మండిపోతోంది. బస్సు ప్రయాణం చాలా దూరం. బట్ట చల్లదనాన్ని అడ్డుకుంటుందని కుట్టుపని చేసిన మనిషికి ఒకరు చెప్పాలా? పెద్దక్క దాన్ని తీసి పక్కన పడేసి, మంచు ప్యాకెట్లను సీసాకు ఆనించి బిగించి కట్టింది.

ఆస్పత్రిలో మందు తయారుచేసే అమ్మాయి సీసాను దీపానికెదురుగా పట్టుకుని చూసింది.

"ఇది గడ్డకట్టిపోయింది పెద్దమ్మా."

"అరచేతిలో పెట్టుకుంటా తల్లీ, కరిగిపోతుంది."

"కరుగుతుంది. కానీ నీళ్లు గడ్డకట్టేటప్పుడు లోపల మంచు సూదులు మొలుస్తాయి. బుడగల్ని చీల్చేస్తాయి. ఇక మందు ఎక్కించినా దారిలోనే పాడైపోతుంది."

"లోపలి అస్తరు చిరిగిన కోటన్నమాట," అంది చెల్లెలు.

"అంతే."

పెద్దక్క ఆ అమ్మాయి దగ్గరకు జరిగింది. "ఇంకో సీసా ఉందా?"

"ఈ వారానికి చేసినవన్నీ ఇచ్చేశాం. ఒక వారం తప్పితే చేతులు మళ్లీ సడలొచ్చు."

ఆ అమ్మాయి ఇంటికి బయల్దేరబోతూ భుజానికి తగిలించుకున్న చేతిసంచీని తీసి, తిరిగి కొక్కేనికి తగిలించింది. "కూర్చోండి. పెద్ద డాక్టరుగారినడిగి మళ్లీ చేస్తాను. బుడగలు కట్టి, సరిగ్గా వచ్చాయో లేదో చూసి ఇచ్చేసరికి రేపు మధ్యాహ్నం అవుతుంది."

"నన్ను తిట్టవేం తల్లీ?"

"తిడితే పగిలిన బుడగలు అతుక్కుంటాయా? ఆ బట్ట మళ్లీ తీయకండి, చాలు."

చెల్లెలు సంచీ దగ్గరకు లాక్కుని, రెండో జత బట్టలు బయటకు తీసింది. "నీ భయానికీ ఓ రోజొచ్చిందే అక్కా."

మర్నాడు మధ్యాహ్నం కొత్త సీసా వచ్చింది. పాలు కలిపిన నీళ్లలా పలచగా ఉంది. మందు బొట్టుబొట్టుగా ఎక్కుతున్నంతసేపూ పెద్దక్క ఆ అమ్మాయి చేతులకేసే చూసింది. కన్నవాళ్లయినా ఇంతకన్నా ఏం చేస్తారనుకుంది. సాయంత్రానికి ఇద్దరూ ఇల్లు చేరారు. చెల్లెలు గడప దాటి లోపలికి అడుగుపెట్టాకే పెద్దక్క ఊపిరి పీల్చుకుంది.

నెల తిరక్కుండా చెల్లెలు సూదిలో దారం తనే ఎక్కించి, ఆ బట్టను డబ్బా లోపల పరిచి ఉన్న గుడ్డసంచీకి రెండు వరసల కుట్టుతో బిగించేసింది. "ఇప్పుడు పీకు, చూద్దాం," అంది.

పెద్దక్క ఆ కుట్టు మీద వేలితో రాసి చూసింది. ఎక్కడా వంకర లేదు. పొద్దున లేస్తూనే మందులమ్మాయికి మనసులోనే దణ్ణం పెట్టుకోవడం ఆ రోజే మొదలైంది, ఇప్పటికీ మానలేదు.

అవే చేతులతో చెల్లెలు మూడేళ్లు బట్టలు కుట్టింది. పక్కింటి పిల్లలకు గౌన్లు కుట్టింది. అక్క వద్దన్నా వినకుండా అక్కకో కోటు కుట్టింది, మంచి అస్తరు వేసి.

మూడేళ్లు నిండాక, వానలు మొదలైన వారంలో గుండె నొప్పని ఆస్పత్రికి వెళ్లిన చెల్లెలు తిరిగి రాలేదు.