ఒడ్డుకు చేరిన పాప

మా ఆయన అర్మాన్ రాసిన అపరాధ పరిశోధన నవలల్ని సినిమాగా తీసేవాళ్లు ఒక్క మాట మార్చినా, పారిస్ రైలెక్కి వెళ్లి పోట్లాడి వచ్చేవాడు. ఈసారి మాత్రం, నవలలో నీళ్లలో పడి చనిపోయే పాపను బతికిస్తామని వాళ్లంటే, మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. మా అమ్మాయి ఒదీల్ తన పదో ఏట ఇక్కడి దియెప్ రేవులోనే మునిగిపోయింది.

సినిమా మా ఊరికొచ్చాక ఆయన రోజూ మధ్యాహ్నం రొట్టె తెస్తానని బయల్దేరి, వట్టి చేతులతో తిరిగొచ్చేవాడు. వారం చూసి, ఎనిమిదో రోజు నేనూ వెనకే వెళ్లాను.

హాల్లో సీట్లు చూపించే మడ్లెన్ కొత్తగా చేరిన పిల్ల.

"ఆ ముసలాయన మీవారా అమ్మగారూ? ఆ పాపని పైకి లాగగానే లేచి వెళ్లిపోతారండీ. హంతకుడెవరో ఇంకా తెలీదు పాపం. చెప్పేయమంటారా?"

"వద్దులేమ్మా. ఆ కథ రాసిందే ఆయన."

"అయ్యో! మరి టికెట్టెందుకు కొంటున్నారు?"

వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన కాస్త జరిగాడు. తెరమీద పడవవాడు పాపను ఒడ్డుకు లాగాడు. పాప దగ్గి, నీళ్లు కక్కి, "చలేస్తోంది" అంది. అర్మాన్ తన కోటు గుండీలు విప్పబోయి ఆగిపోయాడు.

బయటికొస్తూ, "రేపు కూడా ఇదేగా?" అన్నాడు.

"లేదండీ, రేపట్నుంచి నవ్వుల సినిమా. ఇది రువాన్ పట్నానికి వెళ్లిపోతోంది," అంది మడ్లెన్.

ఆయన తలూపి టోపీ పెట్టుకున్నాడు.

"అక్కడ ఎన్నాళ్లు ఆడుతుందమ్మా?" అని అడిగింది నేనే.