ముత్యాలప్ప నాయన సంగతి

గుడిబండె ఉపదేశి ముత్యాలప్పకు ఆ ఆదివారం పెద్ద గండం. మిషను కొత్త దొర చిక్కబళ్ళాపురం నుంచి మోటారులో వస్తున్నాడు. ఈసారీ ఒక్క బాప్తిస్మమైనా లేకపోతే పని ఊడుతుందని ముందే కబురంపాడు.

దొరికిన ఒకే ఒక్క మనిషి అక్కమ్మ. ముత్యాలప్ప సొంత ఊరు పరగోడు మనిషే. అన్నిటికీ సరేనని, చివర ఒక్క మాట అడిగింది.

"మా అమ్మ మీ సువార్త వినకుండానే పాయె. ఇప్పుడు యాడుండాదప్పా?"

ముత్యాలప్పకు ప్రాణం లేచొచ్చింది. ఉపదేశుల బడిలో కంఠతా పట్టిన పాఠమే అది. సామాన్య ప్రత్యక్షత అని దానికి నోరు తిరగని పేరొకటి. గొంతు సవరించుకుని కొండ వైపు చెయ్యి చాపాడు.

"ఆ కొండ, ఈ ఎండ, వాన, అన్నీ సృష్టికర్త ఉండాడని చెప్తానే ఉండాయమ్మా. నాకు తెలీదనే సాకు ఎవరికీ లేకుండా చేసేదానికే దేవుడు అవన్నీ చూపించినాడు. రక్షణకు మాత్రం సువార్త కావల్ల."

"అంటే శిక్ష వేసేదానికి చాలినంత చూపించి, కాపాడేదానికి చాలినంత చూపించలేదా? కందాయం కట్టమనే దండోరా వినపడలేదంటే, పన్ను లెక్కలు రాసే మా శానుభోగే జుల్మానా వదిలేస్తాడు. మీ దేవుడు ఆయప్ప కన్నా గట్టోడా? మా అమ్మ పొయ్యి ముట్టించక ముందే పొద్దుకు చేతులెత్తి, తండ్రీ సల్లగా చూడు అంటాండె."

"చేసినవాణ్ణి వదిలి, చేసినదాన్ని మొక్కింది గదమ్మా! అదే తప్పు."

"మీ నాయన బయ్యప్ప కూడా అంతే గదా? కాడి కట్టక ముందు పొద్దుకు దండం పెడ్తాండె. ఆయప్పా సువార్త వినకుండానే పాయె. యాడుండాడు?"

పాఠం నాలుక చివరే ఉంది. కానీ తువ్వాలు నడుముకు చుట్టుకుని, గట్టు మీద చేతులు జోడించిన నాయన కళ్ళముందుకొచ్చాడు. లోకాన్నంతా అలుపు లేకుండా నరకానికి తోలిన ముత్యాలప్పకు ఆ ఒక్క ముసలాయన్ని తోలడానికి చెయ్యి రాలేదు. ఇన్నేళ్ళలో ఈ లెక్కలో నాయన కూడా ఉన్నాడని తోచనందుకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"మా నాయన సంగతి వేరు" అన్నాడు.

"అయితే ఆ వేరే సంగతిలోనే మా అమ్మకూ ఇంత చోటు పెట్టప్పా. ఆదివారం వస్తా" అని అక్కమ్మ లేచిపోయింది.

ఆదివారం దొర వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, ముత్యాలప్పే దుబాసి. "సువార్త వినకుండా పోయినవారికి రక్షణ లేదని నమ్ముతుందా, అడుగు" అన్నాడు దొర ఇంగ్లీషులో.

ముత్యాలప్ప దొర గాంభీర్యమంతా తన గొంతులోకి తెచ్చుకున్నాడు.

"మీ అమ్మ, మా నాయన ఒకేచోట సల్లగా ఉండారని నమ్ముతావామ్మా?"

"నమ్ముతానప్పా."

"గట్టిగా నమ్ముతుందట దొరగారూ."

దొర ముఖం వెలిగిపోయింది. నీళ్ళ గిన్నె దగ్గరికి తెమ్మని, సిద్ధాంతం ఇంత శుద్ధంగా నేర్పిన ఉపదేశి ఈ సీమలోనే లేడని ముత్యాలప్ప భుజం తట్టాడు.