లైవ్‌లో మూగదాన్ని

నేను గట్టిగా మాట్లాడతాను. సందు మొదట్లో నేను నోరు విప్పితే సందు చివర పడుకున్న కుక్క లేచి నిలబడుతుందని మా ఆయన దశరథం అంటాడు. అనడూ మరి! పద్దెనిమిదేళ్లు సూరత్‌లో సాంచాల మధ్య దారం కండెలు చుట్టాను. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. అరవై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినబడదు. అక్కడ బతకాలంటే గొంతు పెరగాలి, ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం రావాలి. నాకు రెండూ వచ్చాయి. పోయింది చెవులే. కుడిది పూర్తిగా, ఎడమది సగం. దీన్ని ఎవరైనా పొగరంటే నాకు ఒళ్లు మండుతుంది.

కార్ఖానా మూతబడ్డాక సూరత్‌లోనే సలాబత్‌పురా బజారులో లింగమూర్తి చీరల దుకాణంలో చేరాను. లింగమూర్తి పరాయివాడు కాదు. వాళ్ల నాన్న, మా మామ పక్కపక్కన సాంచాలు నడిపినవాళ్లు. నన్ను వదినా అంటాడు. తెలంగాణ నుంచి రైలెక్కి వచ్చి చీరలు మూటగట్టుకుపోయి ఇంట్లో అమ్ముకునే ఆడవాళ్లే అతని గిరాకీలు. నాకు బట్ట తెలుసు, వాళ్ల భాష తెలుసు. అది చాలనుకున్నాను.

చాలలేదని అనురాధ వచ్చిన రోజు తెలిసింది. ఆవిడ కరీంనగర్‌లో ఇంటి దగ్గర చీరలు అమ్ముతుందట. తెల్లని పరుపు మీద గోడకానుకుని కూర్చుని, ఏ చీర తియ్యాలో కాలి బొటనవేలితో చూపించింది. చెయ్యి ఖాళీగానే ఉంది, అయినా కాలే. డెబ్బై చీరలు విప్పించింది. చివరికి విప్పిన చీర మీదే చాయ్ గ్లాసు పెట్టింది.

"చీర మీద గ్లాసు పెట్టకుండ్రమ్మా" అన్నాను. నా గొంతుతో అన్నాను. ఇంకో గొంతు నా దగ్గర లేదు.

ఆవిడ ఉలిక్కిపడింది. గ్లాసు ఒరిగి చాయ్ అంతా చీర పాలైంది.

"ఏందయ్యా లింగమూర్తీ, పనిదానితోని తిట్టిపియ్యనీకి పిలిచినవా మమ్ముల?" అంది.

చీర పాడుచేసింది ఆవిడ. మాఫీ అడిగింది నేను. లింగమూర్తి నా భుజం మీద చెయ్యేసి మరీ అడిగించాడు. ఆ సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"వదినా, జర ఏమనుకోకు. నీ గొంతుకు గిరాకీలు బెదురుతున్నరు. రేపటి సంది నువ్వు నోరు తెరవకు. చీర చూపెట్టు, నవ్వు, నేను సైగ చేస్తే దండం పెట్టు. మాటలన్నీ నేను చెప్త."

"ఆమె కాలితోని చూపెడితే నీకు కోపం రాలేదా సేఠూ?"

"గిరాకీ గదా వదినా."

ఇంట్లో పొయ్యి వెలగాలి. సరే అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మర్నాటి నుంచి లింగమూర్తి పదకొండు గంటలకల్లా ఫోనును స్టాండుకు తగిలించి, చీరల అమ్మకం లైవ్ మొదలుపెట్టేవాడు. నేను చీర భుజాన వేసుకుని అంచు చూపించి, కొంగు చూపించి నవ్వేదాన్ని. అతను నా కుడి పక్కన నిలబడి, ఫోను వైపు మొహం పెట్టి మాట్లాడేవాడు. ఆ పక్క చెవి పనిచెయ్యదు. పెదవులు చూద్దామంటే మొహం నా వైపు ఉండదు. చీర గురించే చెబుతున్నాడనుకున్నాను. మధ్యలో వేలితో సైగ చేసేవాడు. నేను రెండు చేతులూ జోడించి, తల వంచి దండం పెట్టేదాన్ని. చీరలు మాత్రం మునుపటి కన్నా బాగా పోయాయి. మూడు వారాలు అలాగే గడిచాయి.

ఒక శుక్రవారం రాత్రి అన్నం తింటుంటే సిరిసిల్ల నుంచి మా చిన్నమ్మ నర్సవ్వ మా ఆయనకు ఫోన్ చేసింది. మా ఇంట్లో ఎవరు ఫోన్ చేసినా స్పీకర్ పెట్టాల్సిందే.

"అల్లుడా, పద్మకు నోరు పడిపోయిందట! గింత ముచ్చట మాకెందుకు చెప్పలేదయ్యా?"

ఫోన్ లాక్కున్నాను. "ఎవ్వలకే చిన్నమ్మా నోరు పడిపోయింది?"

"గిదెవలు?"

"నేనే, పద్మను!"

"మరి వీడియోల గాయన ఏడ్సుకుంట చెప్తున్నడు గదనే! నువ్వు దండం గూడ పెడ్తున్నవ్!"

నా కూతురు సుమన్ పదో తరగతి. వీడియో పెట్టమని దానికి చెప్పాను. అది వెతకలేదు, తడుముకోలేదు. ఎక్కడుందో దానికి ముందే తెలుసు. ఫోను నా ఎడమ చెవికి ఆనించింది. లింగమూర్తి గొంతు తేనెలా కారుతోంది.

"అక్కలూ, చెల్లెండ్లూ, ఈమె మా వదిన. పాపం పుట్టుమూగ. ఎవ్వరు పని ఇయ్యకుంటే నేనే తెచ్చి పెట్టుకున్న. మీరు కొనే ఒక్కొక్క చీర ఈమెకు ఒక్క పూట బువ్వ."

అప్పుడు వేలితో సైగ. అప్పుడు నేను, నవ్వుతూ, తల వంచి దండం. నన్ను మూగదాన్ని చేసి జాలి అమ్ముకుంటుంటే నేను పక్కన నిలబడి చేతులు జోడించాను! చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

"నువ్వు గిది ఎప్పుడు చూసినవే?" అన్నాను సుమన్‌తో.

"రెండు వారాలాయె."

"చూసి చెప్పలేదేంది?"

అది గోడ వైపు చూసింది. దాని తరగతిలో తిరుమల అనే మన తెలుగు పిల్లే ఒకతి ఆ వీడియో చూసి టీచర్‌కు చెప్పిందట. టీచర్ దగ్గరకు పిలిచి, మీ అమ్మకు మాటలు రావా అని జాలిగా అడిగిందట.

"నువ్వేమన్నవ్?"

"రావన్న."

దశరథం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పోయినేడు పాత బడి మీటింగుల నువ్వు మాట్లాడితే, మీ అమ్మ లడాయి చేస్తున్నదా అని అక్కడి మేడమ్ అడిగింది. పిల్లలు నెల దినాలు నీ లెక్క అరిసి నవ్విండ్రు" అంది సుమన్. కళ్లలో నీళ్లు. "రేపు మీటింగ్ ఉంది. జర మాట్లాడకమ్మా. గొంతే లేదనుకో."

లింగమూర్తి అన్నది మోసం. ఆ మోసానికి నాకు కోపం వచ్చింది. నా బిడ్డ అన్నదానికి మాత్రం ఏం రావాలో నాకు తెలియలేదు. అన్నం సగంలో వదిలేసి లేచాను.

శనివారం పదకొండింటికి లైవ్ మొదలైంది. లింగమూర్తి ఆకుపచ్చ చీర నా భుజాన వేశాడు. నేను ఫోను వైపు తిరగలేదు. అతనికి ఎదురుగా తిరిగి, అతని నోటినే చూస్తూ నిలబడ్డాను. "పాపం పుట్టుమూగ" అన్న మాట ఆ పెదవుల మీద కళ్లారా చూశాను. వేలితో సైగ చేశాడు. నా చేతులు లేవలేదు. మళ్లీ చేశాడు.

"మూగదాన్ని గాదు!" అన్నాను. మెట్ల మీద చాయ్ మోసుకొస్తున్నవాడు ఆగిపోయాడు. ఎదురు దుకాణంవాళ్లు తలలు బయటపెట్టారు. "నా పేరు పద్మారాణి. పద్దెనిమిదేండ్లు సాంచాల నడుమ పనిచేసిన. గందుకే నా గొంతు గిట్లుంటది. ఈయన చెప్పేదంత అబద్ధం!"

సిగ్గుతో చస్తాడనుకున్నాను. నా తెలివి అంత మాత్రమే. ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే రెండు చేతులూ పైకెత్తాడు.

"చూసిండ్రా అక్కలూ! మా దుకాణంల మూగోళ్లకు మాటలొస్తున్నయ్! అంతా దేవుని దయ! ఈ ఆకుపచ్చ చీరనే, ఇంక పది పీసులే ఉన్నయ్!"

ఫోను తెర మీద చూసేవాళ్లు పంపిన పువ్వుల బొమ్మలు, దండాల బొమ్మలు ఎగురుతున్నాయి. నిజం గొంతెత్తి చెప్పినా అమ్ముకుంటాడు వీడు! అతని భుజాలు పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

"ఇన్ని దినాలు ఫోన్‌కు చెప్పినవ్. ఇప్పుడు నా మొఖం చూసి చెప్పు లింగమూర్తీ. నేను మూగదాన్నని చెప్పు."

అతని పెదవులు కదిలాయి. వాటి మీద మాట లేదు. ఉంటే నేను పట్టుకునేదాన్ని. చివరికి ఫోను బోర్లించి, "రేపటి సంది రాకు" అన్నాడు. ఆ మాట మాత్రం నా మొహం చూసి అన్నాడు. చీర తీసి, మడత పెట్టి ఇచ్చి దిగిపోయాను.

అంత చేసి నేరుగా మీటింగుకు వచ్చినదాన్ని, బడి గుమ్మంలో ఆగిపోయాను. తరగతి గది నిండా తల్లిదండ్రులు. టీచర్ నన్ను చూడగానే లేచి, చిన్న పిల్లకు చూపినట్టు చేత్తో కుర్చీ చూపించింది. సుమన్ బెంచీ దగ్గర రక్తం లేని మొహంతో నిలబడి ఉంది. నేను నోరు తెరిస్తే అందరి ముందూ నా బిడ్డ అబద్ధాలకోరు అవుతుంది. తెరవకపోతే నేను జీవితమంతా మూగదాన్ని అవుతాను. లింగమూర్తి ముందు రాని భయం అప్పుడు వచ్చింది. నా చేతులు వాటంతటవే పైకి లేచాయి. ఆ వీడియోలో పెట్టినట్టే టీచర్‌కు దండం పెట్టి, తల వంచాను.

ఎవరో నా గడ్డం పట్టుకుని పైకి ఎత్తారు. సుమన్. నా ఎదురుగా వచ్చి నిలబడింది. చెంపల మీద నీళ్లు కారుతున్నా, నాకు కనబడేలా పెదవులు నెమ్మదిగా కదిపింది.

"అట్ల దండం పెట్టకమ్మా. మాట్లాడు."

"నమస్తే మేడమ్" అన్నాను. "నేను సుమన్ తల్లిని."

గదిలో ఉన్న ప్రతి తలా మా వైపు తిరిగింది. టీచర్ చేతిలో పెన్ను జారి కింద పడింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

సుమన్ తల దించుకోలేదు. నా చెయ్యి పట్టుకుని, గది అంతా వినబడేలా, అచ్చం నా గొంతుతోనే అంది.

"మా అమ్మ గిట్లనే మాట్లాడుతది!"