పూత కింద ఇద్దరు

ప్రేమ్‌చంద్ మాటిచ్చాడు. ఇంట్లో నోరు విప్పడం తన వల్ల కాదట. విజయవాడ ఎగ్జిబిషన్‌లో ఫణి వేసిన బొమ్మ ముందు నిలబెట్టి, అందులో ఉన్న ఇద్దరూ తామేనని వాళ్ల నాన్నకి చెప్పేస్తానన్నాడు. తనకి చూస్తున్న ఏలూరు సంబంధం ఖాయం కాకముందే చెప్పాలి మరి. ఆ నూజివీడు మామిడి వ్యాపారి కొడుకు ఎంత ధైర్యవంతుడో తెలిసి కూడా, ఆగిరిపల్లి డ్రాయింగ్ మాస్టారు ఫణి ఆ మాట నమ్మాడు. ప్రేమించినవాడికి అంతకన్నా ఏం చేతనవుతుంది?

బొమ్మలో మామిడిచెట్టు కింద ఇద్దరు మగవాళ్లు పక్కపక్కనే పడుకుని ఉంటారు. ఒకడి చెయ్యి రెండోవాడి గుండె మీద ఉంటుంది. ముఖాలు మాత్రం వద్దని ప్రేమ్‌చంద్ బతిమాలితే, మెడ పైనంతా పూతే పూయించాడు ఫణి. హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు దాని ముందు చాలాసేపు నిలబడి, వెళ్తూ వెళ్తూ ఫణి చెయ్యి గట్టిగా నొక్కారు. కానీ అతను ఎదురుచూస్తున్నది వాళ్ల కోసం కాదు.

మధ్యాహ్నానికి తండ్రీకొడుకులు వచ్చారు. రాఘవయ్యగారు పూత చూసి తోటకి ధర కట్టే మనిషి. కళ్లజోడు సవరించుకుని గుత్తి గుత్తినీ పరికించారు. తేనెమంచు పురుగు సోకని పూతని భలే పట్టుకున్నారని మెచ్చుకున్నారు. తర్వాత కింద పడుకున్న ఇద్దరినీ చూసి నవ్వారు.

"కాపలా వాళ్లు కదండీ? మావాళ్లూ ఇంతే. ఎండెక్కితే చాలు, ఒకడి మీద ఒకడు చెయ్యేసుకుని నిద్రపోతుంటారు."

ఫణి ప్రేమ్‌చంద్ వైపు తిరిగాడు. చెబితే ఇప్పుడే చెప్పాలి. ప్రేమ్‌చంద్ బొమ్మని చూశాడు, తండ్రిని చూశాడు. తర్వాత తనూ నవ్వాడు.

"అవును నాన్నా, కాపలా వాళ్లే."

ఆ నవ్వు చూసి ఫణికి కోపం కూడా రాలేదు.

రాఘవయ్యగారికి బొమ్మ తెగ నచ్చింది. కొట్లో తన కుర్చీ వెనక గోడకి పెట్టుకోవచ్చు. కాకపోతే వ్యాపారం చేసేచోట నిద్రపోయే మనుషులు ఎందుకని నసిగారు. ఆ సందేహం తీర్చింది కొడుకే. ఇన్నేళ్లలో ఫణిని "ఒరేయ్" అని తప్ప పిలవనివాడు, చేతులు కట్టుకుని, ఎటో చూస్తూ అన్నాడు.

"ఆ ఇద్దర్నీ చెరిపేసి, అక్కడ కూడా పూత వేసివ్వండి మాస్టారూ."

"అలాగేనండీ," అన్నాడు ఫణి.