వేలెడు తెరిచిన కిటికీ

తీగ రెండో కొస పొట్టన్న చేతిలో ఉంది. పొట్టన్న కారు లోపల కూర్చుని లాగుతున్నాడు, అద్దాలాయన బయట నిలబడి లాగుతున్నాడు. పాత అద్దం చుట్టూ గట్టిపడిన నల్లటి బంకని ఆ సన్న తీగ కోసుకుంటూ పోతోంది. ఒకరు లాగినప్పుడు రెండోవాళ్ళు వదలాలి. ఇద్దరూ ఒకేసారి లాగారంటే తీగ పుటుక్కున తెగుతుంది. అద్దాలాయన చేతిలో తీగ తెగడం షెడ్డులో ఎవరూ చూసి ఎరగరు. ఈ ఉదయం అప్పటికే రెండుసార్లు తెగింది.

"ఏంటన్నా, రాత్రి నిద్రపట్టలేదా?" అన్నాడు పొట్టన్న లోపల్నుంచి.

"పట్టింది."

నిద్ర బాగానే పట్టింది. పొద్దున్నే కాఫీ దగ్గర మతి పోయింది. ఆ సంగతి పొట్టన్నకి ఎలా చెప్పాలో తెలియక అతను కొత్త తీగ తీసి చెక్కపిడికి చుట్టుకున్నాడు.

షెడ్డులో అందరూ అతన్ని అద్దాలాయన అంటారు. కార్ల ముందద్దాలు ఊడదీసి కొత్తవి బిగించడం తప్ప వేరే పని చేసింది లేదు. సన్నటి మనిషి. వంగి వంగి పనిచేసి భుజాలు ముందుకు వాలిపోయాయి. వేళ్ళ నిండా పాత కోతల తెల్లటి గీతలు, గోళ్ళ చుట్టూ ఏ సబ్బుకీ లొంగని బంక నలుపు. ఏ వస్తువునైనా తల పక్కకి వాల్చి ఓరగా చూస్తాడు. అద్దం మీద గీతలు అలా చూస్తేనే కనబడతాయి మరి. మనుషుల్నీ అలాగే చూస్తాడు కాబట్టి కొత్తవాళ్ళు కాస్త నొచ్చుకుంటారు.

బావ పోయాక అక్క అతని ఇంటికి వచ్చేసింది. వస్తూ ఒక పెట్టె, బావ కారు తెచ్చుకుంది. ఆ కారు ముందద్దానికి ఒక మూల పగులు. ఊరందరి కార్లకీ అద్దాలు వేసేవాడి ఇంటి ముందు పగిలిన అద్దంతో కారు నిలబడటం ఆ వీధిలో పాతబడిన నవ్వులాట. పగులు మాత్రం పాతబడలేదు. ఏటా ఒక జానెడు పాకుతూ ఇటు చివర్నుంచి అటు చివరికి చేరింది.

ఆ కారులోనే అక్కాతమ్ముళ్ళిద్దరూ ఎడారికి వెళ్ళాలి. ఎర్రరాతి లోయలు, గాలికి తొలిచిపోయి వంతెనల్లా నిలబడ్డ కొండలు, వాటి మధ్య ఒకదాని తర్వాత ఒకటిగా నేషనల్ పార్కులు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు తీసేశాక అతను బల్ల మీద పెద్ద మ్యాపు పరిచేవాడు. పెట్రోలు బంకులు లేని రోడ్డు ఏది, నీళ్ళ డబ్బాలు ఎక్కడ నింపుకోవాలి, పెద్ద లోయని అంచు మీద నుంచి పొద్దున చూడాలా సాయంత్రం చూడాలా, అన్నీ మాట్లాడేవాడు. ఇదంతా అతనికి ఎక్కడిదంటే, ఆ రోడ్ల మీద రాయి తగిలి పగిలిన అద్దాలు చాలావరకు అతని షెడ్డుకే వస్తాయి. ఎక్కడ తగిలిందండీ అని అడిగితే చాలు, కారువాళ్ళు ఆ మలుపూ ఆ లోయా ఆ ఎండా వర్ణించి చెప్పేవాళ్ళు. అలా విని విని అతను వెళ్ళకుండానే వెళ్ళొచ్చినంత పని చేశాడు.

అక్క వినేది. పార్కు లోపల గది తీసుకుందామని అతనంటే, కారులోనే పడుకుందాం నక్షత్రాలు కనబడతాయి అనేది. చివర్లో మ్యాపు మడతపెట్టేది ఆమే. అతను మడిస్తే అది ఉబ్బిపోయి పొట్లంలా తయారయ్యేది. అక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచే మనిషి. ఆమె రెండుసార్లు అరచేత్తో నిమిరితే మ్యాపు కొత్తగా కొన్నట్టు చదునుగా సర్దుకునేది. పరిచిన మ్యాపుని మడవకుండా అక్క ఏనాడూ బల్ల దగ్గర నుంచి లేవలేదు.

అయితే ప్రయాణం కదిలేది కాదు. ఎండాకాలం వేడి అనేవాడు. చలికాలం లోయ అంచుల మీద మంచు అనేవాడు. వానాకాలం ఇరుకు లోయల్లోకి వరద ఒక్క ఊపున వస్తుందట అనేవాడు. ఇవేవీ లేని నెల దొరికితే, అద్దం మార్చాలి కదా అక్కా అనేవాడు. నిజం ఏమిటంటే అతనికి భయం. ఊరి పొలిమేర దాటి కారు నడిపింది లేదు. అంత పెద్ద లోయ అంచున నిలబడితే తన కాళ్ళు ఏమంటాయో అతనికి తెలుసు. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా మ్యాపు పరిచేవాడు.

అలాంటిది ఈ ఉదయం అక్క కాఫీ గ్లాసు ముందు పెట్టి, "మనం ఇవాళ సాయంత్రం బయలుదేరుతున్నాం" అంది.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"డ్యూటీ మానేస్తున్నానని నిన్నే చెప్పొచ్చాను. మీ ఓనరుకి కూడా ఫోన్ చేసి నీకు సెలవు అడిగాను. ఇన్నాళ్ళకి అడిగారా అన్నాడు."

"అద్దం..."

"నువ్వే వేస్తావు. ఇవాళే వేస్తావు."

"ఇంత ఉన్నట్టుండి ఏంటక్కా?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "లాండ్రీలో నా జోడీ పోయిందిరా. పోయిన వారం. నీకు చెప్పలేదు. దుప్పటికి నేనో కొసా ఆవిడో కొసా పట్టుకున్నాం. దగ్గరికి వచ్చి కొస నా చేతికియ్యాలి కదా, రాలేదు. అక్కడే కూర్చుండిపోయింది. ఏంటే అన్నాను. అంతే, అయిపోయింది." ఎడమ భుజం రుద్దుకుంటూ లేచింది. "రిటైరయ్యాక సముద్రం చూస్తానని రోజూ చెప్పేది. దుప్పట్లు మడిచేటప్పుడల్లా అదే మాట."

ఆ మాటలే అతని చెవుల్లో తిరుగుతున్నాయి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పాత అద్దం ఊడింది. వైపర్ల కింద గాడిలో ఎర్రటి ఇసుక పేరుకుని ఉంది. ఈ కారు కూడా ఆ ఎడారికే వెళ్ళొచ్చిందన్నమాట. రోజూ అయితే ఊది పారేసేవాడు. ఇవాళ చిటికెడు తీసి అరచేతిలో వేసుకుని చూస్తూ నిలబడ్డాడు. ఎంత రుద్దినా చేతికి అంటిన గులాబీరంగు వదల్లేదు.

మధ్యాహ్నం దాటాక షెడ్డు ముందు బావ కారు ఆగింది. దాన్ని నడుపుకొచ్చింది ఎవరో చూసి అతను చేతిలో పని వదిలేసి వచ్చాడు. అక్క దిగింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. అతను చూసి ఎరిగిన అక్క కారెక్కితే పక్క సీట్లో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకునే మనిషి.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నువ్వు ప్లాన్లు వేస్తున్నప్పుడు" అంది అక్క.

పొట్టన్న పడీ పడీ నవ్వాడు. ఓనరు గదిలోంచి బయటికి వచ్చి, అద్దాలాయన ఇంటి అద్దం మారే రోజు కూడా వచ్చిందా అని చప్పట్లు కొట్టాడు. అతను మాత్రం తల వంచుకుని కొత్త అద్దం తేవడానికి వెళ్ళాడు. ఇంక అడ్డుపెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

పని మొదలుపెట్టాడు. పగిలిన అద్దం తీశాడు. బంక గీకాడు. కొత్త బంకని అంచు చుట్టూ ఒకే లావున తీగలా పిండుకుంటూ వచ్చాడు. పట్టుకోవడానికి అద్దానికి రబ్బరు కప్పులు అంటించి అతనో వైపు, పొట్టన్న ఇంకో వైపు అద్దాన్ని ఎత్తి కూర్చోబెట్టారు. జారకుండా పైన నీలం టేపు ముక్కలు వేశాడు. చేతికి అలవాటైన పనే, అయినా చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. అక్క పక్కన నిలబడి టేపులు అందించింది.

"ఎప్పుడు కదిలించొచ్చు?" అంది.

టీ తాగి వచ్చేసరికి కదిలించొచ్చు. ఆ రకం బంక అంత త్వరగా పడుతుంది. రోజూ కారువాళ్ళకి చెప్పే మాటే.

"రెండ్రోజులు ఆగాలక్కా" అన్నాడు.

అన్నాక విన్నాడు, తనన్న మాటని. పొట్టన్న తలెత్తి అతని వంక చూసి, చేతులు తుడుచుకుంటూ అవతలికి వెళ్ళిపోయాడు. తన పని గురించి అతను అబద్ధం చెప్పింది అదే మొదలు. అదీ అక్కతో.

అక్క ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అతని పని విషయంలో ఆమె ఎప్పుడూ వేయదు. "సరే, నీ మాటే" అంది. "ఇన్నాళ్ళు ఆగాం, రెండ్రోజులు ఒక లెక్కా. కారులో కూర్చోవచ్చా?"

"కూర్చో. తలుపు గట్టిగా వేయకు. లోపలి గాలి కొత్త అద్దాన్ని బయటికి నెట్టేస్తుంది. కిటికీ వేలెడు తెరిచి ఉంచు."

"తెలుసులే, ఇంట్లో బీరువా తలుపు కూడా నీ భయానికి మెల్లిగానే వేస్తున్నాను."

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు చప్పుడు కాకుండా చేరేసింది. సంచిలోంచి మ్యాపు తీసి స్టీరింగు మీద పరిచింది. కొత్త అద్దంలోంచి ఆమె ముఖం, పైన నీలం టేపు ముక్కలు. ఒక్క గీత లేకుండా, ఒక్క పగులు లేకుండా అక్కని ఆ కారులో అతను చూడటం ఇదే. ఆమె వేలితో మ్యాపు మీద ఎక్కడో చూపిస్తూ అద్దం ఇవతలున్న అతనికి ఏదో చెప్పింది. వినబడలేదు. తల ఊపాడు.

ఇంకో కారు వచ్చింది. దాని పనిలో పడ్డాడు కానీ చెయ్యి సాగలేదు. రెండ్రోజులయ్యాక ఏం చెబుతావు, ఆ తర్వాత ఇంకేం చెబుతావు అని తనని తానే తిట్టుకున్నాడు. అక్కకి ఏమీ తెలియదనుకున్నాడు ఇన్నాళ్ళూ. తమ్ముడికి భయమని తెలిసే కదా ఆమె డ్రైవింగు నేర్చుకుంది! ఆ ఆలోచనకి అతను తీగ చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఊరు దాటాక కారు తనే నడుపుతుంది. లోయ అంచు దగ్గర చెయ్యి పట్టుకుంటుంది. అంతా ఆలోచించి పెట్టుకుంది, నోరెత్తి ఒక్క మాట అనలేదు. సిగ్గుతో, ఇంకా దేనితోనో అతనికి కళ్ళు చెమర్చాయి.

"తీగ పట్టుకో, వస్తాను" అన్నాడు పొట్టన్నతో.

మూల కొట్లో రెండు టీలు తీసుకున్నాడు. కారు దాకా నడుస్తూ మాట కూర్చుకున్నాడు. అక్కా, నేను అబద్ధం చెప్పాను. అద్దం పట్టేసింది. పద, పోదాం. ఇంటికి కూడా వద్దు, ఇట్నుంచి ఇటే పోదాం.

అక్క సీటుకి తల ఆనించి ఉంది. నల్లకళ్ళద్దాలు అలాగే ఉన్నాయి. కునుకు తీసిందనుకున్నాడు. పిలవబోయి ఆగాడు. మ్యాపు సగం మడతలో ఉంది. ఒక సగం చదునుగా, అంచుకి అంచు కలిపి ఉంది. రెండో సగం స్టీరింగు మీద నుంచి వేలాడుతోంది. ఆమె చెయ్యి ఆ మడత మీదే ఉంది. అక్క మడత మధ్యలో వదిలేయదు.

గ్లాసులు రెండూ బోనెట్టు మీద పెట్టి తలుపు తీశాడు. చెయ్యి ముట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది. మణికట్టు పట్టుకున్నాడు. మెడ దగ్గర వేళ్ళు ఆనించాడు. "అక్కా" అన్నాడు. కాసేపటికి, "ఇప్పుడే కదిలించొచ్చక్కా" అన్నాడు. ఆ తర్వాత ఎందుకో తలుపు మూశాడు. చప్పుడు కాకుండా, అరచేత్తో ఒత్తి, కొత్త అద్దం వేసిన కారు తలుపు ఎలా మూయాలో అలా మూశాడు. మూసి పక్కన నిలబడ్డాడు.

పొట్టన్న వచ్చి చూసి అరిచేదాకా అతను అలాగే ఉన్నాడు. ఓనరు పరుగెత్తుకొచ్చాడు. అంబులెన్సు వచ్చింది. ఎవరెవరో కారు చుట్టూ మూగారు. ఎవరో నర్సు, గుండె అండీ, క్షణంలో అయిపోయి ఉంటుంది అంటోంది. పక్కనుంచి ఇంకెవరో, భుజం నొప్పి అందా పొద్దున్నేమైనా అని అడిగారు. అతను తల ఓరగా వాల్చి వాళ్ళ పెదాలు కదలడం చూశాడు. ఏడుపు రాలేదు. లోపలేమీ లేనట్టు ఉంది. అక్కని స్ట్రెచరు మీదకి దించాక ఒకతను కారు తలుపుని విసురుగా వేయబోయాడు.

"మెల్లిగా వేయండి" అన్నాడు అద్దాలాయన. "అద్దం ఇంకా పట్టలేదు."

పొట్టన్న ముఖం అటు తిప్పుకున్నాడు.

అంబులెన్సు వెనక తలుపు తెరిచి, మీరు కూడా ఎక్కండి అన్నారు. ఎక్కాడు. వీధి మలుపు దాకా వెనక అద్దంలోంచి కారు కనబడుతూనే ఉంది. బోనెట్టు మీద రెండు టీ గ్లాసులు తాకినవాళ్ళు లేక అలాగే ఉన్నాయి. డ్రైవరు సీట్లో సగం మడిచిన మ్యాపు, వేలెడు తెరిచిన కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా దాని రెండో కొస లేచి, పడుతోంది.